పెళ్ళి వరకే కథ: ఫాసిస్టు కాలపు ఇటలీ సినిమాలో దాంపత్యం, సాన్నిహిత్యం, స్త్రీపురుష పాత్రలు

వ్యాససంగ్రహం:

1922 నుంచి 1943 వరకు ఇటలీని పాలించిన ఫాసిస్టు ప్రభుత్వం వివాహాన్నీ సంతానాన్నీ రాజ్యకార్యాలుగా పరిగణించింది. పన్నులు, బహుమతులు, శిక్షాస్మృతి ద్వారా ప్రజల గృహజీవితంలోకి ప్రవేశించింది. అయితే అదే కాలంలో వెలువడిన ఇటలీ కథాచిత్రాలలో ప్రభుత్వం కీర్తించిన బహుసంతాన కుటుంబం అరుదుగా మాత్రమే కనిపిస్తుంది. హాస్యప్రణయ చిత్రాలు పెళ్ళి నిశ్చయం కాగానే ముగుస్తాయి. యుద్ధచిత్రాలు పురుషుణ్ణి ఇంటికి దూరంగా తీసుకుపోతాయి. ఈ రెంటి నడుమ 'భర్త' అనే పాత్రకు తెరపై చోటు లేకపోయింది. 1942-43లో వచ్చిన మూడు చిత్రాలలో ఆ భర్త ప్రత్యక్షమయ్యేనాటికి అతడు అలసినవాడు, మోసపోయినవాడు, లేదా భార్య సహించలేనివాడు. ఈ పరిణామాన్ని ఎంపిక చేసిన చిత్రాల ఆధారంగా విశ్లేషించడం, ఆ చిత్రాలు భార్యకు ఎంతవరకు న్యాయం చేశాయో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: ఫాసిజం, ఇటలీ సినిమా, దాంపత్యం, మాతృత్వం, పురుషత్వం, కామెరీని, డి సికా, విస్కోంతి.

1. ఉపోద్ఘాతం:

ఇటలీ సినిమా అనగానే మనకు ముందుగా గుర్తుకు వచ్చేది నవ్యవాస్తవికత. 1952లో జరిగిన తొలి భారత అంతర్జాతీయ చలనచిత్రోత్సవంలో విత్తోరియో డి సికా 'సైకిల్ దొంగలు' ప్రదర్శితమైంది. ఆ ఉత్సవం బొంబాయితోపాటు మద్రాసులోనూ జరిగింది. తెలుగు చలనచిత్ర పరిశ్రమ అప్పటికి మద్రాసులోనే ఉంది. అప్పటినుంచి డి సికా మనకు పేదల బతుకును తెరకెక్కించిన దర్శకుడిగానే పరిచితుడు. అదే డి సికా 1930లలో ఇటలీ యువతులు ఆరాధించిన ప్రణయనాయకుడనీ, కారు నడుపుతూ పాటలు పాడుకునే కుర్రవాడి వేషాలు వేశాడనీ మన చర్చలలో అరుదుగా వినిపిస్తుంది. నవ్యవాస్తవికతకు ముందున్న రెండు దశాబ్దాలను చీకటియుగంగా భావించి దాటివేయడం ఇందుకు ఒక కారణం.

ఆ కాలపు సినిమాను గురించి రెండు అభిప్రాయాలు చాలాకాలం చలామణిలో ఉన్నాయి. అది ప్రభుత్వ ప్రచారం అన్నది మొదటిది. అది వాస్తవాన్ని మరపించే కాలక్షేపం అన్నది రెండవది. ధనికుల ఇళ్ళలో కనిపించే తెల్ల టెలిఫోన్ల పేరిట ఆ కాలక్షేప చిత్రాలకు 'తెల్ల టెలిఫోన్ సినిమాలు' అన్న వెక్కిరింపు పేరు కూడా స్థిరపడింది. 1980ల నుంచి మార్సియా లాండీ, జేమ్స్ హే వంటి పరిశోధకులు ఈ విభజనను ప్రశ్నించారు. విక్టోరియా డి గ్రాట్సియా 1992లో ప్రచురించిన గ్రంథంలో, ఫాసిస్టు రాజ్యం స్త్రీలను ఏ విధంగా పాలించిందో వివరించారు. వీరి కృషి వేసిన బాటలోనే ఈ వ్యాసం ఒక పరిమితమైన ప్రశ్న వేసుకుంటుంది. వివాహం గురించి అంతగా మాట్లాడిన రాజ్యంలో, వివాహం జరిగిన తరువాతి జీవితాన్ని సినిమా ఎందుకు చూపలేదు?

2. చట్టం కోరిన దాంపత్యం:

చిత్రాలలోకి వెళ్ళేముందు రాజ్యం కోరిందేమిటో స్పష్టం చేసుకోవాలి. 1925లో మాతాశిశు సంరక్షణకు ఒక జాతీయ సంస్థ ఏర్పడింది. 1927 నుంచి 25-65 ఏళ్ళ మధ్య వయసున్న అవివాహిత పురుషులపై బ్రహ్మచారుల పన్ను అమలైంది. అదే ఏడాది మే 26న చేసిన ప్రసంగంలో ముస్సోలినీ, నాలుగు కోట్ల జనాభా ఉన్న ఇటలీ శతాబ్దపు ద్వితీయార్ధంలో అడుగుపెట్టేనాటికి ఆరు కోట్లకు తగ్గకూడదని ప్రకటించాడు. 1933 నుంచి క్రిస్మస్‌కు ముందురోజు మాతాశిశు దినోత్సవమైంది. 1937లో కొత్త దంపతులకు వివాహ ఋణాలు వచ్చాయి. 1938 నాటి ఉత్తర్వు ప్రభుత్వ, ప్రైవేటు కార్యాలయాలలో స్త్రీల ఉద్యోగాలను పది శాతానికి పరిమితం చేసింది. మగవానికి యుద్ధం ఎట్లాగో ఆడదానికి మాతృత్వం అట్లాగని ముస్సోలినీ చెప్పిన మాట ఈ చర్యలన్నిటికీ సూత్రప్రాయమైనది.

చర్చి కూడా ఈ విషయంలో రాజ్యానికి తోడైంది. 1929 ఒప్పందంతో చర్చిలో జరిగిన పెళ్ళికి చట్టబద్ధత వచ్చింది. విడాకులు ఇటలీలో లేవు, 1970 వరకు రాలేదు. 1930 రోక్కో శిక్షాస్మృతి స్త్రీపురుషులకు వేరువేరు కొలమానాలు పెట్టింది. భార్య ఒక్కసారి పరపురుషునితో కలిసినా నేరమే. భర్త విషయంలో మాత్రం ఉంపుడుగత్తెను కాపురమున్న ఇంట్లోనో, బయట బహిరంగంగానో పోషిస్తేనే నేరం. 'పరువు' కోసం భార్యను, కూతురిని, సోదరిని చంపినవాడికి శిక్ష తగ్గించే నిబంధన కూడా అందులో ఉంది. దానిని 1981లో గాని రద్దు చేయలేదు.

1935 డిసెంబరు 18న ఇథియోపియా యుద్ధం కోసం దంపతుల నుంచి పెళ్ళి ఉంగరాలు సేకరించారు. రాణి ఎలెనా తన ఉంగరాన్ని సమర్పించింది. బంగారు ఉంగరం ఇచ్చినవారికి బదులుగా ఇనుప ఉంగరం దక్కింది. దంపతుల మధ్యనున్న వాగ్దానానికి గుర్తైన వస్తువును రాజ్యం తన యుద్ధవ్యయానికి తీసుకోవడం, ఆ కాలంలో దాంపత్యం ఎవరి అధీనంలో ఉండవలెనని పాలకులు భావించారో తెలుపుతుంది. ఇంత చేసినా జననాలు ప్రభుత్వం ఆశించిన స్థాయిలో పెరగలేదు.

3. పెళ్ళి దగ్గర ఆగే కథలు:

ఈ వాతావరణంలో వచ్చిన జనాదరణ పొందిన చిత్రాలను చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. మారియో కామెరీని 1932లో తీసిన 'గ్లీ వోమిని, కె మస్కల్జోని' (మగవాళ్ళు, ఎంత పోకిరీలు!) ఆ దశాబ్దపు ప్రణయహాస్యానికి ఒరవడి పెట్టింది. బ్రూనో ఒక కారు డ్రైవరు. మరియుచ్చా సుగంధద్రవ్యాల దుకాణంలో పనిచేసే అమ్మాయి. ఆమె తండ్రి రాత్రిపూట టాక్సీ నడుపుతాడు. తండ్రి పని ముగించుకుని తెల్లవారుజామున ఇంటికి వచ్చే వేళకు కూతురు పనికి బయలుదేరవలసి ఉంటుంది. ఆ ఇంట్లో తల్లి లేదు. రాజ్యం కీర్తించిన తల్లి లేని ఇల్లు, కూతురి సంపాదన అవసరమైన ఇల్లు, ఆ కాలపు అత్యంత ప్రియమైన చిత్రానికి ఆరంభం. మిలాన్ వస్తుప్రదర్శనశాలలో అపార్థాలు తొలగిన తరువాత ప్రేమికులు ఒక టాక్సీ ఎక్కుతారు. దానిని నడుపుతున్నది ఆమె తండ్రే. వెనుక సీటులో పెళ్ళి మాట నిశ్చయమవుతుంది, చిత్రం ముగుస్తుంది.

ఈ చివరి దృశ్యం సరదాగానే సాగుతుంది. కాని ప్రేమికుల ఏకాంత సంభాషణను తండ్రి వింటున్నాడన్న విషయం గమనించదగినది. సాన్నిహిత్యం పెద్దల చెవిన పడితేనే సమ్మతమైన సాన్నిహిత్యం అవుతుంది. అంతకు ముందు బ్రూనో యజమాని కారును చెప్పకుండా తీసుకుని ఆమెను సరస్సుల ప్రాంతానికి షికారు తీసుకువెళ్ళడం, అది చిక్కులకు దారితీయడం ఇదే సూత్రానికి రెండో పార్శ్వం. తమది కాని కారులో, పెద్దల ఎరుక లేకుండా పొందిన ఆనందానికి మూల్యం చెల్లించుకోవాలి. తండ్రి నడిపే టాక్సీలో దొరికిన ఆనందానికి అట్టి మూల్యం లేదు.

1931లో గోఫ్రెదో అలెస్సాంద్రీని తీసిన 'లా సెగ్రెతారియా ప్రివాతా' (ఆంతరంగిక కార్యదర్శి)తో కామెరీని 1937 చిత్రం 'ఇల్ సిన్యోర్ మాక్స్'ను పోల్చితే ఇంకొక మార్పు తెలుస్తుంది. మొదటిది ఒక జర్మన్ చిత్రానికి ఇటలీ రూపం. అందులో ఎల్సా మెర్లిని పోషించిన టైపిస్టు చివరకు బ్యాంకు అధిపతిని పెళ్ళాడుతుంది. రెండవదానిలో డి సికా పోషించిన జాన్ని పత్రికలు అమ్ముకునేవాడు. కులీనుడిలా నటిస్తూ దోన్నా పావొలా అనే సంపన్నురాలి వెంట తిరుగుతాడు. ఆ ఇంట్లో కొలువు చేసే లౌరెట్టా ఆ సంపన్నుల వ్యర్థజీవితంతో విసిగి కొలువు వదులుకుంటుంది. జాన్ని చివరకు వేషం వదిలి ఆమెను చేరుకుంటాడు. ఆరేళ్ళ వ్యవధిలో పెళ్ళి అంతస్తు దాటించే నిచ్చెన కాకుండా పోయి, ఎవరి అంతస్తులో వారిని నిలిపి ఉంచే కట్టుబాటు అయింది. రెండు చిత్రాలతో ఒక యుగాన్ని నిర్ణయించలేము గాని, 'సిన్యోర్ మాక్స్' చెప్పే నీతి మాత్రం ప్రభుత్వానికి ఇష్టమైనదే.

ఇక్కడ ఒక ఆక్షేపణకు సమాధానం చెప్పుకోవాలి. ప్రణయహాస్యం ఏ దేశంలోనైనా పెళ్ళితోనే ముగుస్తుంది కదా, దానికి ఫాసిజంతో సంబంధమేమిటి అని అడగవచ్చు. ఆ ప్రశ్న సమంజసమైనదే. అయితే అదే దశాబ్దంలో హాలీవుడ్, విడిపోయిన దంపతులు తిరిగి కలుసుకునే కథలను ఒక ప్రత్యేక ప్రక్రియగా పెంచింది. 1937 నాటి 'ది ఆఫుల్ ట్రూత్' అందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. అమెరికన్ తాత్త్వికుడు స్టాన్లీ కావెల్ ఇట్టి చిత్రాలను 'పునర్వివాహ హాస్యం'గా గుర్తించి 1981లో ఒక గ్రంథమే వెలువరించాడు. వాటిలో దంపతులు పోట్లాడుకుంటారు, విడాకులు కోరుకుంటారు, ఒకరినొకరు మళ్ళీ ఎన్నుకుంటారు. దాంపత్యం అక్కడ చర్చనీయాంశం. ఇటలీలో ఆ చర్చకు చట్టమూ చర్చీ అవకాశమివ్వలేదు. కావుననే ఇల్లాలి చాంచల్యం, విడాకులు, లంచగొండితనం వంటి విషయాలున్న కథలు తరచుగా బుడాపెస్టుకు తరలిపోయాయి. హంగేరీ నాటకాలకు ఇటలీలో ఉన్న ఆదరణ కూడా ఇందుకు తోడ్పడింది. పెళ్ళితో ముగియడం ప్రక్రియాలక్షణమే కావచ్చు. పెళ్ళి తరువాతి చిక్కులన్నీ పరదేశానికి పోవడం మాత్రం కేవలం ప్రక్రియాలక్షణం కాదు.

4. ఇల్లు విడిచిన పురుషుడు:

ప్రణయహాస్యంలో పురుషుడు ప్రేమికుడు. మరి ప్రభుత్వం స్వయంగా ప్రోత్సహించిన వీరచిత్రాలలో? 1936లో ఆగుస్తో జెనీనా తీసిన 'లో స్క్వాద్రోనె బియాంకో' (తెల్ల దళం) వెనిస్ ఉత్సవంలో ఉత్తమ ఇటలీ చిత్రంగా ముస్సోలినీ పురస్కారం పొందింది. క్రిస్తియానా అనే యువతి చేతిలో భంగపడిన లెఫ్టినెంట్ లుదోవీచి లిబియా ఎడారిలోని ఒంటెల దళంలో చేరతాడు. కఠినుడైన కెప్టెన్ మరణించాక దళానికి తానే నాయకుడవుతాడు. యాత్రికురాలిగా వచ్చిన క్రిస్తియానాకు, ఆమె ఎరిగిన మనిషి ఇక లేడని చెబుతాడు. ఈ కథలో స్త్రీ సాంగత్యం ఒక బలహీనత. ఎడారి దానికి చికిత్స.

1938 నాటి 'లుచానో సెర్రా పిలోతా' మరొక మెట్టు పైకి వెళుతుంది. ముస్సోలినీ కుమారుడు విత్తోరియో పర్యవేక్షణలో నిర్మితమైన ఈ చిత్రంలో వైమానికుడైన నాయకుడికి భార్య, కొడుకు ఉన్నారు. విమానాల మీది మమకారం వల్ల కాపురం చెదిరిపోతుంది. ఏళ్ళ తరువాత ఇథియోపియాలో కొడుకును రక్షించి తండ్రి ప్రాణం విడుస్తాడు. కాపురం చేయలేని తండ్రికి, చావు ద్వారా తండ్రిగా గుర్తింపు దక్కుతుంది.

ఈ రెండు ధోరణులను పక్కపక్కన ఉంచితే ఒక లోటు బయటపడుతుంది. హాస్యచిత్రంలో ప్రేమికుడున్నాడు. వీరచిత్రంలో సైనికుడున్నాడు. సాయంత్రం పని ముగించుకుని ఇంటికి వచ్చే భర్త ఈ రెంటిలోనూ లేడు. ముస్సోలినీ సూత్రంలోనే ఈ లోటు దాగి ఉంది. మగవానికి యుద్ధం, ఆడదానికి మాతృత్వం అని పంచినప్పుడు ఇద్దరికీ ఉమ్మడిగా మిగిలేది ఏమీ లేదు. దంపతులు కలిసి గడిపే కాలానికి ఆ సూత్రంలో పేరు లేదు, కావున ఆనాటి ప్రధాన సినిమా ప్రక్రియలలోనూ దానికి రూపం ఏర్పడలేదు.

5. అవివాహిత తల్లి, అందరి ఆమె:

మాతృత్వాన్ని కామెరీని నేరుగా స్పృశించిన చిత్రం 1933 నాటి 'తమెరో సెంప్రె' (నిన్నెప్పటికీ ప్రేమిస్తాను). ఇది ప్రసూతి ఆసుపత్రిలో మొదలవుతుంది. మాతాశిశు సంరక్షణ ప్రభుత్వ నినాదమైన కాలంలో ఈ ఆరంభం యాదృచ్ఛికం కాదనిపిస్తుంది. కాని అక్కడ ప్రసవించిన అద్రియానా అవివాహిత. ఆమెను తల్లిని చేసిన ప్రభువంశీకుడు విడిచిపోయాడు. క్షౌరశాలలో ఉద్యోగం చేసుకుంటూ బిడ్డను పెంచుకుంటున్న ఆమెను, అక్కడే లెక్కలు రాసే బిడియస్తుడైన ఫాబ్రీని ప్రేమిస్తాడు, నిజం తెలిసి కూడా స్వీకరిస్తాడు. ఆమెను నిందించకపోవడం ఈ చిత్రం గొప్పతనం. అయినా పరిష్కారం మాత్రం ఒక మంచి పురుషుడు తన పేరు ఇవ్వడంలోనే ఉంది. ఆమె సంపాదన ఆమెకు బిడ్డనిచ్చింది గాని గౌరవం ఇవ్వలేదు. కామెరీని ఇదే కథను 1943లో అలీదా వల్లీతో మళ్ళీ తీశాడు. పదేళ్ళ తరువాత కూడా ఈ చిక్కుకు మరో పరిష్కారం తోచకపోవడం గమనార్హం.

దీనికి పూర్తి భిన్నమైనది మాక్స్ ఓఫుల్స్ 1934లో ఇటలీలో తీసిన 'లా సిన్యోరా ది తుత్తి' (అందరి ఆమె). ఇసా మిరాండా పోషించిన తార గాబీ ఆత్మహత్యకు యత్నించి శస్త్రచికిత్స బల్లపై పడి ఉంటుంది. మత్తుమందు ముసుగు కింద ఆమె గతం మనకు కనిపిస్తుంది. ఆమె ఎవరినీ వలలో వేసుకోదు. ఆమెను చూసిన పురుషులే కాపురాలు కూల్చుకుంటారు, నింద మాత్రం ఆమెకు చుట్టుకుంటుంది. చివరకు ఆమె మరణించినప్పుడు ఆమె బొమ్మను ముద్రిస్తున్న యంత్రం ఆగిపోతుంది. అందరి గోడల మీదా ఉన్న స్త్రీకి ఏ ఇంటిలోనూ చోటు లేదని ఇంతకంటె సూటిగా చెప్పిన చిత్రం ఆ కాలంలో మరొకటి కనిపించదు. మంచి స్త్రీ పెళ్ళి వరకే, చెడ్డపేరు వచ్చిన స్త్రీ చావు వరకే అన్నట్లుగా కథల హద్దులు ఏర్పడ్డాయి.

6. గడప లోపలికి: 1942-43

1942 సివిల్ కోడ్ భర్త కుటుంబానికి యజమాని అని మరొకసారి ధ్రువీకరించింది. సరిగ్గా ఆ ఏడాదే అలెస్సాంద్రో బ్లజెట్టి 'క్వాత్రో పాస్సి ఫ్రా లె నువొలె' (మబ్బుల్లో నాలుగడుగులు) వచ్చింది. మిఠాయిల కంపెనీ తరఫున ఊళ్ళు తిరిగే పావొలో బియాంకికి ప్రయాణంలో మరియా అనే యువతి తటస్థపడుతుంది. ఆమె అవివాహిత, గర్భవతి. పల్లెలోని పుట్టింటికి వెళ్ళడానికి భయపడుతోంది. ఒక్కరోజు భర్తగా నటించమని అతణ్ణి వేడుకుంటుంది. గుట్టు బయటపడిన తరువాత ఆమెను ఇంట్లో ఉంచుకోమని అతడు ఆమె తండ్రిని ఒప్పిస్తాడు. తరువాత తన ఊరికి, తన భార్య దగ్గరకు తిరిగిపోతాడు.

ఈ చిత్రం మొదలయ్యేది, ముగిసేది ఇరుకైన ఆ పట్నపు ఇంట్లోనే. మొదట ఉదయం పూట పాలు కాచుకుంటూ భార్య సణుగుడు వినే పావొలోను చూస్తాం. చివర కూడా అతడు ఆ పాల దగ్గరికే చేరుకుంటాడు. మధ్యలో మంచి భర్తగా అతడు వెలిగింది తనది కాని ఇంట్లో, అదీ నటనలో. నిజమైన కాపురంలో దొరకని ఆప్యాయత బూటకపు కాపురంలో దొరికింది. దాంపత్యాన్ని దూషించే ఒక్క మాట కూడా పలకకుండా, దానిని పాలగిన్నె ముందు నిలబెట్టి చూపిన ఈ ముగింపులో ఎంతో విషాదం ఉంది. అయితే అతడి భార్య మనకు ఒక గొంతుగానే మిగిలిపోతుంది. ఆమె అలసట ఎటువంటిదో చిత్రం అడగదు.

ఈ చిత్రరచనలో చెజారె జవట్టీని, పియెరొ తెల్లీనిలతోపాటు ఆల్దో డి బెనెదెత్తి పాలుపంచుకున్నాడు. యూదుడైనందున అతని పేరు తెరపై వేయలేదు. పదేళ్ళ కిందట మరియుచ్చా, బ్రూనోల కథను కామెరీని, మారియో సోల్దాతిలతో కలిసి రాసింది ఇతడే. 1938 నవంబరు నాటి జాతిచట్టాలు 'ఆర్య' ఇటలీ పౌరులకూ ఇతరులకూ మధ్య వివాహాలను నిషేధించాయి. ఇటలీ ప్రేక్షకులకు ప్రేమపెళ్ళిళ్ళను ఊహించి ఇచ్చిన రచయితకు ఆ దేశంలో తనకు నచ్చినవారిని పెళ్ళాడే హక్కూ, తన రచనకు తన పేరు పెట్టుకునే హక్కూ రెండూ పోయాయి. తెరమీది పెళ్ళిళ్ళను రాజకీయానికి అతీతమైన కాలక్షేపంగా భావించేవారు ఈ ఒక్క విషయాన్నైనా పరిగణనలోకి తీసుకోవాలి.

డి సికా దర్శకత్వంలో 1943లో పూర్తయిన 'ఇ బాంబిని చి గ్వార్దనో' (పిల్లలు మనల్ని చూస్తున్నారు) ఒంటి కొడుకున్న మధ్యతరగతి ఇంటిలోకి తీసుకుపోతుంది. తల్లి నీనా ప్రియునితో వెళ్ళిపోవడం, తిరిగి రావడం, మళ్ళీ వెళ్ళడం అన్నీ ప్రికో అనే బాలుడి కళ్ళతో చూస్తాం. తండ్రి ఆత్మహత్య చేసుకుంటాడు. చివర వసతిపాఠశాలకు వచ్చిన తల్లిని చేరకుండా ప్రికో వెనుదిరిగి ఒంటరిగా నడిచిపోతాడు. కుటుంబం సుఖనిలయమన్న ప్రచారాన్ని ఈ చిత్రం తుత్తునియలు చేసిన మాట నిజం. కాని పసివాడి చూపును ఆధారం చేసుకోవడం వల్ల నీనా కోరికకు కారణం వినిపించే అవకాశం తగ్గిపోయింది. బిడ్డ ఇచ్చే తీర్పుకు అప్పీలు ఉండదు. భర్త తప్పు కంటె భార్య తప్పును కఠినంగా చూసిన శిక్షాస్మృతికీ ఈ తీర్పుకూ మధ్య దూరం మనం అనుకున్నంత ఎక్కువ కాదు.

అదే ఏడాది వచ్చిన లుకీనో విస్కోంతి 'ఒస్సెస్సియోనె' (వ్యామోహం) ఆ దూరాన్ని కొంత పెంచింది. జేమ్స్ కెయిన్ అమెరికన్ నవల ఆధారంగా తీసిన ఈ చిత్రంలో దారి పక్కన భోజనశాల నడిపే బ్రగానా భార్య జొవాన్నా. జీనో అనే దేశదిమ్మరితో ఆమెకు ఏర్పడిన సంబంధం భర్త హత్యకు దారితీస్తుంది. డబ్బులేక ఈ పెళ్ళికి తలవంచానని ఆమె తానే చెబుతుంది. రాత్రి జనమంతా వెళ్ళిపోయాక ఎంగిలిపళ్ళేల గుట్టల నడుమ కూర్చుని, ఒంటరిగా తినబోయి, పత్రిక ముందు పెట్టుకుని నిద్రలోకి జారుకునే జొవాన్నాను కెమెరా తొందరలేకుండా చూస్తుంది. అక్కడ కథ ఏమీ జరగదు. ఇల్లాలి పని, దాని తరువాతి ఒంటరితనం తప్ప. ఇటలీ తెర ఇరవై ఏళ్ళపాటు దాటవేసినది ఆ వంటగదే.

విత్తోరియో ముస్సోలినీ ఈ చిత్రం చూస్తూ 'ఇది ఇటలీ కాదు' అని లేచిపోయాడని చెబుతారు. చిత్రం ప్రదర్శనకు అడ్డంకులు కలిగాయి. విస్కోంతి దాచుకున్న నకలు వల్లనే అది దక్కింది. అయితే జొవాన్నా కూడా చివరకు గర్భవతిగా ఉండగానే కారు ప్రమాదంలో మరణిస్తుంది. ఆమె కోరికకు గొంతునిచ్చిన చిత్రం కూడా ఆమెను బతకనివ్వలేకపోయింది.

7. ముగింపు:

పై పరిశీలన వల్ల మూడు అంశాలు తేటపడుతున్నాయి. మొదటిది, ఫాసిస్టు రాజ్యపు కుటుంబ భావన కథాచిత్రాలలో నినాదాలుగా కాక, కథ ఆగే చోటుగా కనిపిస్తుంది. పెళ్ళి తరువాత ఏమి జరుగుతుందో చూపకపోవడం వల్ల పెళ్ళి ప్రశ్నించరానిదిగా మిగిలింది. రెండవది, ఆ రాజ్యం పురుషునికి ప్రేమికుడు, సైనికుడు అనే రెండు ఆకర్షణీయమైన రూపాలు ఇచ్చింది గాని భర్తగా జీవించే రూపం ఇవ్వలేకపోయింది. 1942-43లో పావొలో, ప్రికో తండ్రి, బ్రగానా తెరపైకి వచ్చేసరికి ఆ వైఫల్యం బట్టబయలైంది.

మూడవది, మనం జాగ్రత్తపడవలసినది. ఈ చివరి చిత్రాలను నవ్యవాస్తవికతకు తొలిమెట్లుగా, తిరుగుబాటుగా కీర్తించడం ఆనవాయితీ. ఆ కీర్తి వాటికి చెందవలసిందే. కాని భర్త అలసటను అర్థం చేసుకున్నంత ఓర్పుతో అవి భార్య అలసటను అర్థం చేసుకోలేదు. పావొలో భార్యకు ముఖం దక్కలేదు, నీనాకు క్షమ దక్కలేదు, జొవాన్నాకు ప్రాణం దక్కలేదు. రాజకీయంగా ముందడుగు వేసిన సినిమా స్త్రీ విషయంలో పాత తీర్పునే పునరుద్ఘాటించవచ్చునని ఈ ఉదాహరణలు తెలుపుతున్నాయి. ముస్సోలినీ 1943 జూలై 25న పదవీచ్యుతుడయ్యాడు. భార్యాభర్తలను రెండు తూకాలతో తూచిన రోక్కో స్మృతి నిబంధనలు మాత్రం ఆ తరువాత పాతికేళ్ళపాటు, 1968-69లో రాజ్యాంగ న్యాయస్థానం కొట్టివేసేవరకు కొనసాగాయి. ఒక పాలన ముగిసిన తేదీతో దాని గృహనీతి ముగియదు. ఒక కాలపు సినిమాను అధ్యయనం చేసేవారు ప్రభుత్వం మారిన సంవత్సరం దగ్గర తమ పరిశీలనను ఆపకూడదని చెప్పడానికి ఇంతకంటె వేరే కారణం అవసరం లేదు.